ఊరికే చూస్తుందట

ఊరికే వచ్చే దేన్నీ నేను నమ్మను. కూరగాయల బండతను కొత్తిమీర కట్ట ఊరికే సంచిలో పడేస్తే, వంకాయల తూకంలో ఎక్కడ కొట్టాడా అని ఆలోచిస్తాను. ఒక చీర కొంటే ఇంకోటి ఊరికే అన్న షాపులో ఆ రెండో చీర జోలికి పోను, మొదటిదాన్ని విప్పి వెలుతురులో పట్టి చూస్తాను. మా ఆయన నాకు ఎంక్వైరీ కమిషన్ అని పేరు పెట్టారు. పెట్టుకోనివ్వండి. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపులో ఏళ్ళ తరబడి లెక్కలు చూసినదాన్ని. కంపెనీ డబ్బాలో డూప్లికేటు బేరింగు ఎంత ముద్దుగా కూర్చుంటుందో కళ్ళారా చూశాక, ఎవరు నవ్వుతూ ఏమిచ్చినా డబ్బా తిప్పి చూడటం అలవాటైపోయింది.

పాప కడుపులో ఉండగా ఆ ఉద్యోగం మానేశాను. తర్వాత ఇంట్లోనే ఉండిపోయాను. మానేసినప్పుడు ఎవరూ బలవంతం చేయలేదు, నాకూ బాధ అనిపించలేదు. బాధ మెల్లగా వచ్చింది. ఎవరైనా ఫోన్ చేసి ఏం చేస్తున్నావే అని అడిగితే, "ఏముంది, ఇంట్లోనే, ఊరికే ఉన్నా" అనేదాన్ని. చంకలో పిల్ల ఉండేది, పొయ్యి మీద పాలు ఉండేవి, బకెట్లో నానబెట్టిన బట్టలు ఉండేవి. అయినా నోట్లోంచి అదే మాట వచ్చేది. అన్నాక కాసేపు ఎవరి మీదో తెలియని కోపం ఉండేది.

పాపకి రెండున్నరేళ్ళు దాటాక ఒక రోజు షాపు ఓనరు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఒకటో తారీఖు నుంచి రాగలవా అమ్మా, రాలేకపోతే చెప్పు, వేరే వాళ్ళని చూసుకుంటాను అన్నారు. ఇన్నాళ్ళ తర్వాత నేనెందుకు గుర్తొచ్చానా అని ఆరా తీశాను. నా తర్వాత చేరినవాళ్ళు జీఎస్టీ లెక్కలు కలగాపులగం చేసి వెళ్ళిపోయారట. అంటే ఆయనకి అవసరం. అవసరం ఉన్నప్పుడు జీతం కాస్త పెంచుతారనుకున్నాను. పాత జీతమే చెప్పారు, పద్దెనిమిది వేలు, అదీ ఏదో నాకు మేలు చేస్తున్నట్టు. అయినా సరే నాకు ఆ ఉద్యోగం కావాలనిపించింది. ఆ గ్రీజు వాసన, టీ గ్లాసుల చప్పుడు, బిల్లు తప్పుగా ఉందని పెద్ద పెద్ద లారీ ఓనర్లని నిలబెట్టి చెప్పగలగడం, అవన్నీ కావాలనిపించింది. ఈసారి కాదంటే ఇంకోసారి పిలిచేవాళ్ళు ఉండరని కూడా తెలుసు.

ఆదివారం మా ఆయన లెక్క వేశారు. ఆయన గన్నవరం దగ్గర ఒక మందుల గోడౌన్‌లో సూపర్‌వైజరు. మనిషి మంచివారే గానీ లెక్కకి కూర్చుంటే మాత్రం నాకు అనుమానం వస్తుంది. ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచి పద్దెనిమిది వేలు కొట్టారు. అందులోంచి బేబీ కేర్ సెంటర్ వాళ్ళడిగే ఏడు వేలు తీశారు. నా ఆటో ఖర్చు తీశారు. నేను అలిసిపోయి వండలేని రోజుల్లో బయట తెచ్చుకునే కూరలు కూడా ఊహించి మరీ తీశారు. పిల్ల అక్కడ జబ్బులు అంటించుకొస్తే డాక్టరు ఫీజు ఇంత అన్నారు. పుట్టబోయే జలుబుకి కూడా నా జీతమే ఖర్చు పెట్టారన్నమాట. చివరికి మిగిలిన అంకె నాకు చూపించి, దీనికోసం పొద్దస్తమానం ఊరికే తిరగడం అవసరమా అన్నారు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మా అమ్మ అంటుండేది. నా పని అమ్మబోతే పాత రేటు, పిల్లని చూసే పని కొనబోతే కొత్త రేటు. అది లోకం తీరు అనుకుందాం. కానీ ఆ లెక్కలో నన్ను గుచ్చింది వేరే.

"పాప మనిద్దరిదీ కదండీ, తీసివేతలన్నీ నా జీతంలోంచే ఎందుకు?" అన్నాను.

ఎవరి జీతమైతే ఏముంది, అంతా ఇంటి డబ్బేగా అన్నారాయన. ఇంటి డబ్బే అయితే ఒకసారి మీ జీతంలోంచి తీసి చూడండి అన్నాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి పేపర్ తీసుకున్నారు. ఆదివారం పేపర్ అంత శ్రద్ధగా చదవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పాపని తీసుకుని బేబీ కేర్ సెంటర్ చూడటానికి వెళ్ళాను. పటమటలో మా అపార్ట్‌మెంటుకి రెండు వీధుల అవతల, పాత డాబా ఇంటికి రంగులేసి, గోడ మీద గొంగళిపురుగు బొమ్మ గీసి పెట్టారు. అది నడిపే మేడమ్ చాలా మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాద చూస్తేనే నాకు గుండె గుభేలుమంటుంది. లోపల కెమెరా ఉందండీ, మీ ఫోన్లో ఎప్పుడైనా చూసుకోవచ్చండీ అంది. చూపించమంటే ముందు గది చూపించింది. వెనక గదిలో కెమెరా లేదా అని అడిగితే అక్కడ పిల్లలు పడుకుంటారండీ అంది. పడుకునే చోటే కదా అమ్మా చూడాల్సింది.

టైము పదకొండు కూడా కాలేదు. పదిమంది పిల్లలున్న ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. మా ఇంట్లో ఒక్క పిల్ల ఉంటేనే కింద ఫ్లాటు వాళ్ళు పైకొస్తారు. ఏమిటింత నిశ్శబ్దం అంటే, డిసిప్లిన్ అలవాటు చేస్తామండీ అని నవ్వింది. పిల్లలకి దగ్గు మందు పట్టి పడుకోబెడతారని ఎక్కడో విన్న మాట ఆ నవ్వుతో పాటే గుర్తొచ్చింది. అలా జరుగుతోందని నా దగ్గర సాక్ష్యం లేదు. జరగడం లేదనడానికీ లేదు. బయలుదేరుతుంటే, మొదటి వారం ఊరికేనండీ, పాపకి అలవాటయ్యాకే ఫీజు కట్టండి అంది. ఆ ఒక్క మాటతో ఆ ఇంటికీ నాకూ చెల్లిపోయింది.

ఆయాని పెడదామంటే పైఫ్లాటులో చూస్తూనే ఉన్నాను. పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టి ఆవిడ సీరియల్ చూస్తుంది, వాళ్ళమ్మ వచ్చే వేళకి మాత్రం వాడి మొహం కడిగి పౌడరు రాస్తుంది. ఆ పౌడరుకి వాళ్ళమ్మ తెగ మురిసిపోతుంది.

ఇలా ఒకటో తారీఖు దగ్గరపడుతుండగా మా ఆయన గోడౌన్ నుంచి వస్తూనే చెప్పారు. "అమ్మకి ఫోన్ చేశాను. తను వచ్చి ఉంటుందట. పిల్లని ఊరికే చూస్తుందట. ఇంకేం, నీ జీతం నీకు మిగిలినట్టే."

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. నేను చేతిలో ఉన్న గరిటె పొయ్యి పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాను.

మా అత్తగారిది మంగళగిరి. నేతపని ఇల్లు. మావయ్యగారు పోయాక మగ్గం తీసేసి, దాని కింది గుంట పూడ్చి, ఆ గదిలో మా మరిది చీరల వ్యాపారం పెట్టుకున్నాడు. ఆవిడ వాళ్ళ దగ్గరే ఉంటుంది. మా ఇంటికి వస్తే రెండు రోజులు దాటి ఉండేది కాదు. లిఫ్టు పడదు, నీళ్ళు పడవు, పక్కింటి తలుపులు ఎప్పుడూ మూసి ఉండటం అసలే పడదు. నా పురిటికి కూడా వచ్చి చూసి, దీవించి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయిన మనిషి. అలాంటిది ఇప్పుడు నెలల తరబడి ఉంటుందట, అదీ ఊరికే. దేనికి? మరిది పెళ్ళాంతో పొసగడం లేదా? రాజధాని పుణ్యమా అని అటువైపు రేట్లు పెరిగాయి, ఇంటి వాటాల సంగతి ఏదైనా నడుస్తోందా? ఇక్కడ చేరి, నేను షాపుకి వెళ్ళాక నా వంటిల్లు, నా కొడుకు, నా మనవరాలు అని కూర్చుంటుందా? ఊరికే చేసినవాళ్ళకి ఎదురు చెప్పలేం, అదీ వచ్చిన చిక్కు. జీతమిచ్చే ఆయాకైతే ఫోన్ ఇవ్వొద్దని చెప్పొచ్చు. అత్తగారికి ఏం చెప్తాం?

ఒకటో తారీఖుకి వారం ముందు ఆవిడ ఒక గుడ్డ సంచీతో, టిఫిన్ క్యారియర్‌లో పులిహోరతో వారధి దాటి వచ్చేసింది. పాప నాయనమ్మా అని చుట్టేసుకుంది. నేను నవ్వుతూనే ఎంక్వైరీ మొదలుపెట్టాను.

అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆవిడ నడవడిక కూడా అలాగే ఉంది మరి. వచ్చిన రెండో రోజే కింద వాచ్‌మన్ భార్యతో మెట్ల మీద కూర్చుని గుసగుసలు. నేను కనపడగానే, ఎండలు ముదిరాయమ్మా అని మాట మార్చేశారు. తర్వాత పైఫ్లాటు ఆయాతో ముచ్చట్లు. ఇంకో రోజు, ఇక్కడ జిరాక్స్ షాపు ఎక్కడుందమ్మాయ్ అని అడిగింది. దేనికత్తయ్యా అంటే ఆధార్ కార్డుకి అంది. ఇంటికాగితాలే, సందేహం లేదు అనుకున్నాను. మా ఆయనతో చెబితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాకేం తెలీదు, నాతో ఏమీ అనలేదు అని మూడుసార్లు చెప్పారు. నేను ఒక్కసారే అడిగాను.

అన్నిటికంటే నాకు మండింది బేబీ కేర్ సంగతి. చేరబోయే ముందు రోజు సాయంత్రం పాలకని కిందకి వెళితే ఆ మేడమ్ ఎదురైంది. మీ అత్తగారు వచ్చి అన్నీ అడిగి వెళ్ళారండీ, చాలా వివరంగా అడిగారండీ అంది. నాకు చెప్పకుండా, పాపని చంకనేసుకుని, రెండు వీధులు నడిచి వెళ్ళిందన్నమాట. ఎందుకు? పిల్లని అక్కడ పడేసి తను చేతులు దులుపుకుందామనా? లేక నాలుగు రోజులు చూసి, నా వల్ల కాదమ్మాయ్ అని బస్సెక్కి, నా ఉద్యోగం గంగలో కలుపుదామనా? పాల ప్యాకెట్లు పట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కేశాను. మర్నాడు తొమ్మిదింటికి నేను షాపులో ఉండాలి.

ఇంట్లో మా ఆయన టీవీ ముందున్నారు. అత్తగారు పాపకి అన్నం కలుపుతోంది. అటూ ఇటూ తిప్పలేదు, సూటిగా అడిగేశాను.

"అత్తయ్యా, ఆ పిల్లల సెంటర్‌కి ఎందుకెళ్ళారు?"

ఆవిడ తడబడలేదు. పాప నోట్లో ముద్ద పెట్టి, "రేటు కనుక్కుందామని," అంది.

ఏం రేటమ్మా అన్నారు మా ఆయన టీవీ సౌండు తగ్గిస్తూ.

"పిల్లల్ని చూసే రేటురా. వాళ్ళు ఏడు వేలు తీసుకుంటున్నారు, అన్నం మనదే. పైన ఆ అమ్మాయికి తొమ్మిది ఇస్తున్నారంట, వాచ్‌మన్ పెళ్ళాం చెప్పింది. నాకు ఆరు ఇవ్వండి. సొంత మనవరాలు గదా, అంతకంటే అడగను. ఆదివారం సెలవు. పండక్కి చీర మీ ఇష్టం."

మా ఆయన మొహం చూడాలి. అమ్మా, ఊరికే చూస్తానన్నావు కదా అన్నారు.

"నేనెప్పుడన్నాను? చూస్తాలేరా అన్నాను. ఊరికే అని నువ్వు కలుపుకున్నావు."

నిజమే. ఆ మాట ఆవిడ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. విన్నది మా ఆయన నోట. ఇన్ని రోజులూ డబ్బా తిప్పి తిప్పి చూశాను గానీ, లేబుల్ అంటించిందెవరో చూడలేదు.

ఆయన ఊరుకోలేదు. సొంత మనవరాలిని చూడటానికి డబ్బులేంటి, నలుగురు వింటే ఏమనుకుంటారు, నీకేం కావాలన్నా నేను కొనివ్వనా అన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు. పాప మూతి తుడిచి, గిన్నె పక్కన పెట్టి, కొడుకు వైపు తిరిగి కూర్చుంది.

"మీ నాన్న మగ్గం మీద కూర్చుంటే, పక్కన కూర్చుని నాడెలోకి నూలు కండెలు చుట్టి ఇచ్చిందెవరు? నేను ఒక పూట పడుకుంటే ఆ పూట మగ్గం ఆగేది. షావుకారు మజూరీ చీరకి ఇచ్చేవాడు, మీ నాన్న చేతికి ఇచ్చేవాడు. కండెకి ఎవరిచ్చారు? ఎవరన్నా వచ్చి మీ ఆవిడ ఏం చేస్తదండీ అంటే, ఏం లేదు, ఊరికే రాట్నం తిప్పుకుంటా కూర్చుంటది అనేవాడు మీ నాన్న. నవ్వుతానే అనేవాడు, తిట్టి కాదు. ఈసారి మాత్రం నేను ఊరికే చెయ్యను. సగం నీ జీతంలోంచి, సగం అమ్మాయి జీతంలోంచి. బ్యాంకులో ఖాతా తెరిచా, అందులో వెయ్యండి."

ఆధార్ జిరాక్స్ అందుకన్నమాట.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆవిడ సగం నీ జీతంలోంచి అని కొడుకుతో అన్నప్పుడు లోపల చప్పట్లు కొట్టాను. కానీ అంతకు ముందు, ఆరు వేలు అనగానే, నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన అది కాదు. మంగళగిరిలో ఎలాగూ ఊరికే కూర్చునే మనిషేగా, దీనికి జీతం కూడానా అనుకున్నాను. బయటికి అనలేదు, అంతే తేడా. ఇప్పటికీ ఆ గిన్నె, ఆ పెరుగన్నం మెతుకులు గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

చివరికి మా ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు, తెల్లారితే నేను వెళ్ళాలి, తనూ వెళ్ళాలి. ఎవరికీ చెప్పకమ్మా అని మాత్రం బతిమాలారు. చెప్పకుండా ఎట్లా ఉంటాన్రా అంది ఆవిడ.

ఉద్యోగంలో చేరాను. మొదటి రోజు కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి, ఇన్నాళ్ళూ ఏం చేశారు మేడమ్ అని అడిగింది. ఏముందమ్మా, ఊరికే ఇంట్లోనే అన్నాను. అలవాటు అంత తొందరగా పోతుందా. అంతకంటే తొందరగా పోనిది అనుమానం. మధ్యాహ్నం ఏదో వంకతో ఫోన్ చేసి, వెనక టీవీ వినపడుతోందా, పాప ఏడుస్తోందా అని చెవులు రిక్కించేదాన్ని. పాప అన్నం తినకపోయినా నాలుగు రోజుల దాకా నాకు తెలియదేమో అని మనసు పీకేది. కానీ జీతమిచ్చే దగ్గర ఒక సుఖం ఉంది. అత్తయ్యా, మధ్యాహ్నం స్వీటు పెట్టొద్దు అంటే, సరేనమ్మాయ్ అనేది. ఊరికే చూసే అత్తగారికి ఆ మాట చెప్పి ఉంటే మూడు రోజులు ఇంట్లో మాటలుండేవి కాదు. ఆదివారం వస్తే ఆవిడ పొద్దున్నే తలంటుకుని మంగళగిరి బస్సెక్కేది, లేదా మంచం మీద కాళ్ళు చాపుకుని పిల్ల ఏడ్చినా కదలకుండా, ఇవాళ నాకు సెలవు అని కొడుకు వైపు చూసేది. మా ఆయన లేచి ఎత్తుకునేవారు.

మొదటి జీతం వేసిన మర్నాడు సాయంత్రం నేను కాస్త తొందరగా వచ్చాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆవిడ ఫోన్లో ఎవరో వదినతో మాట్లాడుతోంది. మంగళగిరిలో పాత ఇరుగుపొరుగు అయ్యుంటుంది. నా గురించే చెబుతోందనుకుని అక్కడే ఆగిపోయాను.

"ఊరికే ఎందుకున్నానొదినా, ఉద్యోగం చేస్తన్నా. ఆఁ, పిల్లని చూసే ఉద్యోగం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా. ఊపిరి తిప్పుకోడానికి ఉండదనుకో."

నా గురించి ఒక్క ముక్క లేదు. అయినా నాకు కోపం వచ్చింది. కాదు, కోపం కాదు, కుళ్ళు. అదే పిల్ల, అదే గిన్నె, అవే బట్టలు, అదే ఏడుపు. నేను రెండున్నరేళ్ళు చేశాను, రాత్రులు కూడా కలిపి. అడిగిన ప్రతివాళ్ళకీ ఊరికే ఉన్నానని చెప్పుకున్నాను. ఆవిడ ఒక్క నెల చేసి ఉద్యోగమంది, గొంతులో ఎంత గర్వమో. నన్ను చూసి ఫోన్ పెట్టేసి, పాపని నా చేతికిచ్చి, నా డ్యూటీ అయిపోయిందమ్మాయ్ అంటూ కొప్పు ముడేసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి పప్పు వడ్డిస్తూ అడిగాను. అత్తయ్యకి నెలకి ఆరు వేలు ఇస్తున్నాం కదా, పాప పుట్టినప్పటి నుంచి నేను చూసిన నెలలకి ఎంతవుతుందో ఒకసారి లెక్క కట్టండి, అందులో మీ వంతు సగం ఎంతో కూడా చెప్పండి అన్నాను. అత్తగారు తల ఎత్తకుండా మజ్జిగ కలుపుకుంటోంది. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఊరికే అడుగుతున్నావు కదూ?" అన్నారు.

"ఊరికే కాదండీ," అన్నాను.

ఆయన ఎడం చేత్తో ఫోన్ తీశారు గానీ, కాలిక్యులేటర్ తెరవలేదు.